ఆయాసం నేర్చుకున్న కాలనీ

ఏప్రిల్, మొదటి వారం. మొదటి షిఫ్టు.

ఫ్యాన్ నడుస్తోంది. గ్యాస్ లేదు. బయట ఎండ నలభై ఎనిమిది, గని గాలి ఇరవై రెండు. మూడో లైను పైపు దగ్గర గాలి కారుతుంటే గుడ్డ చుట్టి తారు పూశాను.

ఫ్యాన్ నడుస్తోందా, గనిలో విషపు గ్యాస్ ఉందా లేదా, షిఫ్టు చివర ఇంత మాత్రం రాసి సంతకం పెట్టాలని కంపెనీ రూలు. కంపెనీ వెళ్ళిపోయి ముప్పై ఏళ్ళు దాటింది. మేనేజరు చదవడు, ఎందుకంటే మేనేజరు లేడు. చదివేవాళ్ళెవరూ లేరు కనక ఫ్యాన్ సంగతితో పాటు నా సంగతులు కూడా రాసుకుంటున్నాను. నా పేరు జాడి మనస్విని. నల్లవాగు కాలనీకి గాలి పంపేది నేను.

బొగ్గు అయిపోయాక గని మూసేశారు. బొగ్గు తగలని రాతి సొరంగాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిలో ఏడాది పొడవునా ఒకే చల్లదనం. ఆ గాలిని ఈ ఫ్యాన్‌తో పైకి లాగి, పైపుల్లో ప్రతి క్వార్టర్‌కూ ఇస్తున్నాం. మంచిర్యాల టవర్లలో జనం ఎండాకాలం వంతులవారీగా పడుకుంటారట. మేం మధ్యాహ్నం అన్నం తిని, కాళ్ళు చాపుకుని, గురకపెట్టి నిద్రపోతాం. ఇళ్ళకూ కరువు లేదు. మాకు మూడు క్వార్టర్లున్నాయి. ఒకటి మాకు, ఒకటి మేకలకు, ఒకటి మా ఆయన లోహిత్ అలిగినప్పుడు ఉండడానికి.

చెడు లేదని కాదు. కింద నేల కుంగి గోడలు పగిలాయి. మా వంటగది తలుపు వానాకాలంలో మూసుకుంటుంది, ఎండాకాలంలో మూసుకోదు. సామాను తెచ్చే ఎగిరే బండి కాలనీ దాకా రాదు, క్రాస్ రోడ్డు దగ్గర పడేసి పోతుంది. ఫోన్ మాట్లాడాలంటే మట్టిగుట్ట ఎక్కాలి. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు ఆ పగుళ్ళు చూసి టీ కూడా తాగకుండా లేస్తారు.

అన్నిటికంటే పెద్ద చెడు, డాక్టరు లేకపోవడం. లోహిత్‌కి రెండు మూత్రపిండాలూ పనిచేయవు. వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకోవాలి. నిరుటి దాకా అందుకోసం మంచిర్యాల వెళ్ళేవాళ్ళం. వెళ్ళడానికి ఒక పూట, రావడానికి ఒక పూట. వచ్చాక రెండు రోజులు మనిషి మంచం దిగేవాడు కాదు. ఇంకో ఏడాది ఇలా తిరిగితే గుండె ఆగుతుందని అక్కడి డాక్టర్లు చెప్పారు. కాలనీ వదిలి మంచిర్యాల టవర్‌కి మారిపోదామని మూటలు కట్టుకుంటుండగా, జనవరిలో ఆరోగ్య మండలి మాకో డాక్టరమ్మనీ, రక్తం కడిగే మిషన్నూ పంపింది. మే చివరిదాకా పరీక్షగా నడిపి చూస్తారట. ఆ తర్వాత ఉంచుతారో, తీసేస్తారో.

ఏప్రిల్, మూడో వారం. రెండో షిఫ్టు.

గ్యాస్ లేదు. ఫ్యాన్ బెల్టు కొంచెం వదులైతే బిగించాను.

డాక్టరమ్మ పేరు రాజవ్వ. ఇరవై ఏడేళ్ళు. ఇప్పటి పట్నం పిల్లలకు పాత పేర్లంటే మోజు. మేమేమో మనస్వినులం, హాసినులం, మోకాళ్ళ నొప్పులతో ఆమె గుమ్మంలో కూర్చుని "రాజవ్వా, రాజవ్వా" అని పిలుస్తుంటే, అవ్వెవరో మనవరాలెవరో కొత్తవాళ్ళకు తెలియదు.

పిల్ల బంగారం. వచ్చిన కొత్తలో చేతిలో పని లేక, మిషన్ పక్కన కూర్చుని లోహిత్‌తో పులిజూదం ఆడేది. లోహిత్ ఆమెను ఓడించి, ఇంటికొచ్చి నాకు గొప్పలు చెప్పుకునేవాడు. ఆ పని లేకపోవడమే మా కాలనీవాళ్ళకు గుండెల్లో రాయి పడేలా చేసింది.

ఆదివారం పాత క్యాంటీన్‌లో కూర్చున్నాం. రిత్విక్ కాక లేచాడు. ఆఖరి రోజుల్లో గని లోపల డ్రిల్లు పట్టిన మనిషి, ఇప్పుడు ఎనభైకి దగ్గర. ఆయన మాట్లాడితే సగం వెక్కిరింత, సగం నిజం.

"కంపెనీ ఏం జేసింది? టన్నులు తగ్గినై, గని మూసింది. రేపు డాక్టరమ్మను గట్లనే లేపుకపోతరు. డాక్టరుకు టన్నులంటే ఏంది? రోగులు. రోజుకు ఇద్దరు ముగ్గురు పోతే దవాఖాన ఉంటదా?"

"మరి రోగం లేకపాయె, ఏం జేద్దాం కాకా?" అంది హాసిని. మా లైనులోనే ఉంటుంది, నా ఈడుది, కొట్టినా చావని ఆరోగ్యం.

"రోగం లేకుంటే తెచ్చుకోవాలె. మన తాతలు తెచ్చుకోలేదా?"

అందరం నవ్వాం. కాలనీలో ఆ విద్య తెలియని ఇల్లు లేదు. పాత రోజుల్లో తండ్రి ఇక పనికి పనికిరాడని డాక్టర్ల బోర్డు రాస్తే, ఆ కొలువు కొడుక్కి వచ్చేది. దాన్ని అన్‌ఫిట్ అనేవాళ్ళు. కొడుకు పెళ్ళికి ఎదిగితే చాలు, తండ్రికి దగ్గు మొదలయ్యేది. మా తాత బోర్డు ముందు ఎంత బాగా తూలాడంటే, కుర్చీ వేయించి నీళ్ళు తాగించారట. ఇంటికి మాత్రం సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు.

రిత్విక్ కాక మాకు ఆయాసం నేర్పించాడు. "నోటితోటి గాదు, మెడతోటి పీల్చాలె. ఊపిరి సగం దాక వచ్చి ఆగాలె. భుజాలు లేవాలె. మాట మధ్యల తెగాలె." ఆయన చేసి చూపిస్తే నిజంగానే ప్రాణం పోతోందేమోనని భయమేసింది. అంత బాగా చేశాడు. చప్పట్లు కొట్టాం. యాభై మందిమి క్యాంటీన్‌లో కూర్చుని మెడలతో గాలి పీల్చుతుంటే, ఎక్కడ నవ్వొస్తుందోనని ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

లోహిత్ ఒక్కడే నవ్వలేదు. ఇంటికొస్తూ, "మనింట్ల ఒక్క నిజం రోగం ఉన్నది, సాలదా?" అన్నాడు.

"నీ కోసమే గదయ్యా ఇదంతా" అన్నాను. రాత్రి ఆయన అలక క్వార్టర్‌లో పడుకున్నాడు.

మే, మొదటి వారం. మొదటి షిఫ్టు.

ఫ్యాన్ నడుస్తోంది. బయట ఎండ యాభై. గ్యాస్ లేదు.

దవాఖాన కిటకిటలాడుతోంది. తెల్లారేసరికి వరండా నిండిపోతోంది. నేను కూడా నడుము నొప్పి అని ఒకసారి, ఆయాసం అని రెండుసార్లు వెళ్ళొచ్చాను. హాసిని ఆయాసం ఎంత బాగా నటించిందంటే, రాజవ్వ ఆమెను మంచం మీద పడుకోబెట్టి గంటసేపు చెయ్యి పట్టుకుని కూర్చుందట. బయటికొచ్చి హాసిని ఆ సంగతి చెప్పి కడుపుబ్బ నవ్వింది. నవ్వి, చివర్లో మాత్రం "పాపం పిల్ల" అంది.

ఈ రద్దీలో లోహిత్ వంతు ఆలస్యమవుతోంది. మొన్న పొద్దున వెళ్ళినవాడికి సాయంత్రం దాకా మిషన్ దొరకలేదు. కాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. ఏమీ అనలేదు నన్ను. అంటే బాగుండేది.

ఈ రోజు రాజవ్వ ఫోన్ కోసం మట్టిగుట్ట ఎక్కుతుంటే తోడు వెళ్ళాను. పిల్ల సగమైపోయింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైన నిలబడితే కింద బొగ్గు కోసం పైనుంచి తవ్విన ఓపెన్‌కాస్ట్ గుంటలో నీళ్ళు, వాటి మీద బాతులు, ఆవలి గట్టున ఆరేసిన చేపల వలలు కనిపించాయి. మా ఊరు పైనుంచి అందంగా ఉంటుంది. దగ్గరికి వస్తే పగుళ్ళు కనిపిస్తాయి.

"అక్కా, ఇంత కష్టంగా ఉన్నా మీరంతా ఇక్కడే ఎందుకుంటారు?" అని అడిగింది.

"కష్టమేమున్నది బిడ్డా? గాలి ఉన్నది, నీళ్ళున్నయి, తిన్నవా అని అడిగేటోళ్ళున్నరు. పట్నంల ఈ మూడిట్ల ఏదన్నా ఒకటి కొనకుంట దొరుకుతదా?"

ఆమె కింద ఫ్యాన్ హౌస్ వైపు చూసింది. తర్వాత, "ఫ్యాన్ ఎప్పుడైనా ఆపుతారా?" అంది.

"నా చేతుల మీదున్నంతసేపు ఒక్క నిమిషం ఆగది" అని గర్వంగా చెప్పాను. ఆమె మొహం ఇంకా పాలిపోయింది. ఎండకేమో అనుకున్నాను.

మే, రెండో వారం. రెండో షిఫ్టు.

ఫ్యాన్ నడుస్తోంది. ఎన్నాళ్ళు నడుస్తుందో తెలియదు.

ఎన్నడూ కాలనీలోకి రాని ఎగిరే బండి ఈ రోజు నేరుగా క్యాంటీన్ మీదికొచ్చి ఆగింది. అందులోంచి మండలి గొంతు వినిపించింది. నల్లవాగు ప్రజల ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నాయని వైద్య నివేదిక అందిందట. దానికి కారణం గని గాలి అట. నెలాఖరులోగా ఫ్యాన్ ఆపి సీలు వేస్తారట, జనాన్ని మంచిర్యాల టవర్లకు తరలిస్తారట. గొంతు చాలా మర్యాదగా ఉంది. మీ క్షేమమే మా ధ్యేయం అని రెండుసార్లు చెప్పి, తుర్రుమని ఎగిరిపోయింది.

జనం నా వైపు చూశారు. ఏడ్చాను. ముప్పై ఏళ్ళుగా పూటపూటకూ గ్యాస్ చూసుకుంటూ, పసిపిల్లకు పాలు కాచినట్టు కాచి పంపిన గాలిని విషమంటారా? నా గాలిని? ఎవరు రాశారో తెలిస్తే జుట్టు పట్టుకుని ఫ్యాన్ హౌస్‌కు ఈడ్చుకొద్దామనుకున్నాను.

"రాసింది ఎవరో కాదు. మనమే" అన్నాడు లోహిత్. "యాభై మంది పోయి ఊపిరాడతలేదంటే డాక్టరు ఏం రాస్తది? ఊరంత బాగున్నదని రాస్తదా?"

రిత్విక్ కాక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన నోట్లోంచి ఒక్క వెక్కిరింత కూడా రాలేదు.

ఫ్యాన్ హాసినికి అప్పజెప్పి రాజవ్వ క్వార్టర్‌కి వెళ్ళాను. తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది, పొయ్యి మీద పెట్టిన కుండ మూత తీసినట్టు. గాలి వచ్చే పైపు నోట్లో చీరలు కుక్కి, చుట్టూ ప్లాస్టర్ అతికించి ఉంది. పిల్ల తడిగుడ్డ నెత్తిన వేసుకుని నేల మీద కూర్చుని ఉంది. గని గాలికి తన ఊపిరితిత్తులు కూడా పాడవుతాయని రెండు వారాలుగా ఆ కొలిమిలో ఉంటోంది. పట్నం పారిపోవచ్చు, కానీ పారిపోలేదు. ప్రతి పొద్దునా వచ్చి మా దొంగ దగ్గులు విన్నది.

ఎదురుగా కూలబడ్డాను.

"రాజవ్వా, మాకేం రోగం లేదు బిడ్డా. నటించినం."

"ఎవరు?"

"అందరం."

"మీరు కూడానా?"

"నేను మూడుసార్లు వచ్చిన."

ఆమె గుడ్డ తీసి పక్కన పెట్టింది. "హాసినమ్మ? ఆ రోజు ఆమె చనిపోతుందేమోనని భయపడి, ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో తెలుసా? ఎందుకక్కా? నేనేం చేశాను మీకు?"

టన్నుల సంగతి చెప్పాను. రోగులు తక్కువైతే ఆమెను తీసేస్తారని, తీసేస్తే లోహిత్ బతకడని, ఉన్నదున్నట్టు చెప్పాను.

"రోగుల లెక్క ఎవరడిగారు?" అంది. "ఎవరూ అడగరు. ఇలాంటి ఊళ్ళకు వచ్చిన డాక్టర్లు రెండు నెలల్లో పారిపోతున్నారు. అందుకే ఈ పరీక్ష. ఊరికి కాదు, నాకు. మే చివర నన్నొక్క మాట అడుగుతారు, ఉంటావా వెళ్తావా అని. అంతే."

మూడు వారాలుగా మేం చేసిందేమిటో అప్పుడర్థమైంది. ఉండాలా వద్దా అని ఆలోచించుకుంటున్న పిల్లను, పోయేదాకా తరుముతూ వచ్చాం. ఆమె లేచి తలుపు తెరిచి పట్టుకుంది. నేను బయటికొచ్చాక మూసేసింది.

మే, మూడో వారం. మొదటి షిఫ్టు.

ఫ్యాన్ నడుస్తోంది. గ్యాస్ లేదు, లేదు, లేదు. మండలి చదువుతుందేమోనని మూడుసార్లు రాశాను.

రెండు రోజులు రాజవ్వ దవాఖానలో లోహిత్‌కి తప్ప ఎవరికీ తలుపు తీయలేదు. మూడో రోజు అందరినీ రమ్మని కబురు పంపింది. చేతిలో ఊదే గొట్టం. ఊదితే ఊపిరితిత్తుల బలం గోడ మీద రంగులో కనబడుతుంది, బాగుంటే ఆకుపచ్చ, పాడైతే ఎరుపు. మొహంలో నవ్వు లేదు.

"ఈసారి నటిస్తే నాకు తెలుస్తుంది. మండలికి తెలుస్తుంది. గట్టిగా ఊదండి."

సిగ్గుతో తలలు దించుకుని వరసగా ఊదాం. పచ్చ, పచ్చ, పచ్చ. హాసిని ఊదితే గోడ పొడుగునా పచ్చ పాకింది. మంచిర్యాలలో ఇరవై ఏళ్ళ పిల్లలకు కూడా ఇంత పచ్చ రాదని రాజవ్వ తనలో తను అనుకున్నట్టు అంది. నా గుండె పొంగింది. అది నా గాలి. ఆ మాట పైకి అనే మొహం మాత్రం లేదు.

రిత్విక్ కాక రాలేదు. రాజవ్వ మనిషిని పంపి పిలిపించింది. ఆయన గుమ్మంలోనే మెడతో గాలి పీల్చుతూ, భుజాలు ఎగరేస్తూ వచ్చాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"చాలు కాకా, ఆపండి" అంది రాజవ్వ.

"ఆగుతలేదు బిడ్డా."

ఊదాడు. గోడ ఎర్రబడింది. రాజవ్వ గొట్టం మార్చి మళ్ళీ ఊదమంది. మళ్ళీ ఎరుపే. నవ్విన వాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. ఆయన మాకు నేర్పింది తాతల నాటి విద్య కాదు. ఆయన రోజూ పీల్చే ఊపిరిని పీల్చి చూపించాడు. మేం చప్పట్లు కొట్టాం.

"ఎప్పటినుంచి?" అని అడిగింది.

"లోపల డ్రిల్లు పట్టినప్పటి దుమ్ము ఇది. రెండేండ్ల సంది పట్టుకున్నది."

"నేను జనవరి నుంచి ఇక్కడే ఉన్నాను కదా, నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పెద్ద దవాఖాన అంటవు, మంచిర్యాల అంటవు. ఈ గాలిలనే ఇంత కష్టమైతున్నది. ఆ టవర్ల ఒక్క ఎండాకాలం బతుకుతనా నేను? అందరు దగ్గుతుంటే నా దగ్గు ఎవ్వలు గుర్తు పడతరు అనుకున్న."

రాజవ్వ ఆయన్ని కూర్చోబెట్టింది. వీపు మీద చెవి పెట్టినట్టు వంగి చాలాసేపు విన్నది. నయం కాదు గానీ, మందులతో, రోజూ చూసుకుంటూ ఉంటే ఇక్కడే చాలా ఏళ్ళు ఉండొచ్చని చెప్పింది. రోజూ ఎవరు చూస్తారని మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

మే, నాలుగో వారం. మొదటి షిఫ్టు.

ఫ్యాన్ నడుస్తోంది. ఆపాల్సిన పని లేదు. గోడ మీది పచ్చరంగులన్నీ రాజవ్వ మండలికి పంపింది. నల్లవాగు గాలి శుభ్రంగా ఉందని, తన మొదటి నివేదిక తప్పని, ఆ తప్పు తనదేనని రాసిందట. మా నాటకం గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ సంగతి తెలిశాక హాసిని మా ఇంటికొచ్చి కూర్చుని ఏడ్చింది.

ఉంటావా వెళ్తావా అని మండలి రాజవ్వను అడిగే రోజు దగ్గరికొచ్చింది. అందరం కలిసి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడదామని హాసిని అంది. లోహిత్ ఒప్పుకోలేదు.

"అడిగితే మొహమాటానికి ఉంటది. మొహమాటానికి ఉన్న డాక్టరు ఎన్నొద్దులుంటది? పిల్లను పండుకోనియ్యిండ్రి. నెల రోజుల సంది నిద్ర లేదామెకు."

నేను వెళ్ళి పైపు నోట్లో చీరలు పీకేసి, ప్లాస్టర్ గీకేసి వచ్చాను. రాజవ్వ చూస్తూ నిలబడింది. గాలి తగలగానే మంచం మీద అలా ఒరిగింది. ఆ పగలంతా, మర్నాడు పొద్దెక్కేదాకా పడుకుంది. ఆ లైనులో మేకల్ని తోలలేదు. కుక్కర్ విజిల్ కూడా రానివ్వలేదు. రిత్విక్ కాక దగ్గు వస్తే గుంట దాకా నడిచి వెళ్ళి దగ్గి వచ్చాడు.

మాకు ఇన్ని మూటలున్నాయని ఈ వారమే చూశాను. జనవరిలో కట్టినవి సగం విప్పనే లేదు. లోహిత్ వాటి పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు. వాటిని విప్పాలో, మిగతావి కూడా కట్టాలో తెలియదు.

మే, చివరి రోజు. మొదటి షిఫ్టు.

గ్యాస్ లేదు. గాలి ఇరవై రెండు.

పొద్దున్నే ఫ్యాన్ హౌస్ గుమ్మంలో రాజవ్వ నిలబడి ఉంది. చేతులు కట్టుకుని, భుజాలు ముడుచుకుని. ఏమంటుందోనని నా చేతిలోని రెంచి కింద పెట్టాను.

"అక్కా, గాలి కొంచెం తగ్గిస్తారా? లేకపోతే ఓ దుప్పటైనా ఇవ్వండి. పొద్దున వణికిపోయాను."

"మా ఇంట్ల ఉన్నది, ఇస్త బిడ్డా."

వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. తిరిగే రెక్కల వైపు చూస్తూ అడిగింది, "మే నెలే ఇలా ఉంటే డిసెంబర్‌లో ఎలా ఉంటుంది ఇక్కడ?"

"డిసెంబర్ల ఫ్యాన్ సగం నడిపిస్తం" అన్నాను. ఆ తర్వాత గానీ ఆమె అడిగింది నా బుర్రకెక్కలేదు. "డిసెంబర్లనా? నువ్వా?"

"మట్టిగుట్ట ఎక్కి ఇప్పుడే చెప్పి వస్తున్నాను. కోపం మాత్రం ఇంకా పోలేదక్కా. కాకకు మందు వేసే టైమయింది, పోతున్నా."

ఆమె వెళ్ళాక కాసేపు ఒక్కదాన్నే ఏడ్చాను. తర్వాత హాసినిని ఫ్యాన్ దగ్గర కూర్చోబెట్టి ఇంటికి పరుగెత్తాను. లోహిత్ పెరట్లో ఉన్నాడు. చెప్పాను. ఆయన లోపలికి వచ్చి, జనవరి మూటల్లో ఒకదాన్ని దగ్గరికి లాక్కుని ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"తొలకరి వస్తున్నది. బీర గింజలు ఏ మూటల పెట్టినవే?" అన్నాడు.